మదార్ సాహెబ్ కొసరు

ఆ సోమవారం కౌసర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు వేంపల్లెలో బయల్దేరే బస్సులో వాళ్ల నాన్న పంపే ఐసు డబ్బా తొమ్మిదికి కడప చేరుతుంది. అటెండరు పెద్ద ఈరన్న బస్టాండుకు వెళ్లి దాన్ని తెస్తాడు. పదికి పరీక్ష మొదలుపెడితే పదకొండుకల్లా ఫలితం చేతికొస్తుంది. కమిటీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసర్ శివజ్యోతి గండికోట చూసుకుని ఆ వేళకు పరిశోధనశాలకు వస్తారు. ఫలితం చూసి, ప్రాజెక్టు ఉంచాలో మూసేయాలో కాగితం మీద రాసి వెళ్తారు. మూసేయమనే రాస్తారని కౌసర్‌కు తెలుసు. అయినా ఇస్త్రీ చేసిన చుడీదారు వేసుకుని వచ్చింది.

ఆరేళ్లుగా ఆమె ఒక వెలుగు వెంట పడి ఉంది. మిణుగురు పురుగు పొట్టలో ఒక ఎంజైము ఉంటుంది. తగిన మందు కలిస్తే అది వెలుగుతుంది. దాన్ని ఎలుక ఒంట్లోని కేన్సర్ కణాల్లో పెడితే, కత్తి పెట్టకుండానే గడ్డ ఎక్కడుందో, మందుకు తగ్గుతోందో లేదో పైనుంచి చూడొచ్చు. చిక్కల్లా రక్తంతోనే. పురుగు వెలుగు పసుపుపచ్చన, రక్తం దాన్ని మింగేస్తుంది. పిల్లలు అరచేతి కింద టార్చి వెలిగించి ఆడుకుంటారు కదా, అప్పుడు చెయ్యి దాటి పైకి వచ్చేది ఎరుపొక్కటే. అందుకని కౌసర్ ఆ ఎంజైమును అక్కడో ముక్క, ఇక్కడో ముక్క మార్చి ఎర్రటి వెలుగు ఇచ్చేలా తయారుచేస్తోంది. ఇప్పటికి ఏడో రకం.

ఎలుకల దాకా పోయేముందు మాంసం మీద చూడాలి. ఎంజైము పోసిన గాజుగొట్టానికి గట్టిగా మూత బిగించి, దాని మీద మూడు సెంటీమీటర్ల మందం మటన్ దిమ్మను పెట్టి, చీకటి పెట్టెలో కెమెరా కింద ఉంచుతారు. మిగతా ఊళ్లలో ఇంతకంటే నాసిరకం ఎంజైములు ఆ మూడు సెంటీమీటర్లను దాటి కళకళలాడుతున్నాయి. కౌసర్ వెలుగు మాత్రం ఏ రకమైనా, ఉందా లేదా అన్నట్టు తెర మీద ఒక మసక చుక్క. ఓడిపోయినప్పుడల్లా ఆమె ఎంజైమును ఇంకాస్త పదును పెట్టింది. చుక్క పిసరంత పెరిగేది. ఆమెకు ముప్పై రెండేళ్లు వచ్చాయి. ఈ ప్రాజెక్టు మూసేస్తే పెట్టె హైదరాబాదు పోతుంది, పీహెచ్‌డీ గాలికి పోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో ఆమె ఆలోచించలేదు. ఆలోచించడానికి భయం.

కడపలో మటన్ అంగళ్లకు కొదవ లేదు. కానీ వేంపల్లెలో నలభై ఏళ్లుగా మటన్ అంగడి నడుపుతున్న మదార్ సాహెబ్ కూతురు, ఇంకొకరి అంగట్లో మాంసం కొనడమనేది ఆ ఇంట్లో ఎవరి ఊహకూ అందని సంగతి. కౌసర్ ఊహకూ అందలేదు. మూడు సెంటీమీటర్ల లోతున్న ప్లాస్టిక్ డబ్బాలు తనే కొనిచ్చింది. వాటి నిండా మాంసం కూరి, అంగట్లోని ఫ్రీజరులో గడ్డకట్టించి పంపాలి. వచ్చిన ప్రతి దిమ్మనూ స్కేలు పెట్టి కొలిచేది. మూడంటే మూడే. పరీక్ష అయ్యాక దిమ్మను వెనక గుంతలో సున్నం చల్లి పూడ్చడం పెద్ద ఈరన్న పని.

కౌసర్‌కు గైడు డాక్టర్ ఉమామహేశ్. మంచి మనిషే గానీ మంచి జరుగుతుందని ఎన్నడూ నమ్మినవాడు కాదు. వాన పడితే వరద అనేవాడు, పడకపోతే కరువు అనేవాడు. ‘ప్రాజెక్టు ముగింపు గురించి’ అని ఉత్తరం నిన్ననే టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు.

"మేడంకు శ్రమ ఎందుకమ్మా. సంతకం పెట్టేసి మధ్యాహ్నం రైలుకు పోతారు" అన్నాడు పొద్దున్నే, కౌసర్‌కు ధైర్యం చెప్పడానికి.

తొమ్మిదింపావుకు పెద్ద ఈరన్న ఒగర్చుకుంటూ వచ్చాడు. "కౌసరమ్మా, డబ్బా వచ్చె. డబ్బాతో పాటు మీ నాయన గూడా వచ్చె. మీ నాయన ఎనకాల ఇంగొకాయప్ప ఇంగో డబ్బా ఎత్తుకోని వచ్చె."

గుమ్మంలో మదార్ సాహెబ్ నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, తల మీద టోపీ, పండుగనాడు పూసుకునే అత్తరు. కూతురు చదువుకునే చోటికి ఆయన రావడం ఇదే మొదటిసారి.

"ఏం నాయనా, చెప్పకుండా వచ్చినావు?" అంది కౌసర్.

"కమిటీ వస్తాదంటివి గదమ్మా. మన మాంసం పరీక్ష నా కండ్ల ముందర జరగల్లని వచ్చినా."

"మాంసానికి పరీక్ష ఏంది నాయనా?"

"ఆరేండ్ల నుంచి జరుగుతాండేది ఏంది మరి? నీ మాంసం కెమెరా కింద పెట్టి చూస్తామని నువ్వే గదమ్మా ఫోన్లో చెప్పింది!"

కౌసర్ చెప్పిన మాట నిజమే. కెమెరా చూసేది మాంసాన్ని కాదని చెప్పడం మాత్రం మర్చిపోయింది. మదార్ సాహెబ్ ఆరేళ్లుగా సంబరపడుతున్నాడు. సంబరపడి ఊరుకున్నా పోయేది, అంగడి ముందు ఒక బోర్డు కూడా వేయించాడు. ఆ బోర్డు ఫొటో, ఆయన వెనకే నిలబడ్డ ముస్తాక్ ఫోన్లో ఉంది. ముస్తాక్‌ది వేంపల్లెలో ఎదురుగా ఉన్న మటన్ అంగడి.

"‘కాలేజీ కెమెరా పరీక్షలో నెగ్గిన మటన్.’ చూడమ్మా కౌసరూ" అని ఫోను ముందుకు చాపాడు ముస్తాక్. "ఈ బోర్డు చూసి గిరాకీ అంతా మామ కాడికే పోతాండాది. నా మాంసానికి ఏం తక్కువ? దీన్ని గూడా ఆ కెమెరా కింద పెట్టు. నువ్వు డబ్బాలు కొన్న అంగట్లోనే కొన్నా, అదే కొలత, గట్టిగా గడ్డకట్టించి తెచ్చినా. న్యాయం అందరికీ ఒగటే ఉండల్ల."

కౌసర్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈలోగా ఉమామహేశ్ బయటికి వచ్చాడు. ఆయనకు ఎవరినీ కాదనడం చేతకాదు.

"ఆ మూల ఫ్రిజ్జిలో పెట్టి, ఇద్దరూ బెంచీ మీద కూర్చోండప్పా. చూస్తాంలే" అనేశాడు.

గండికోటలో ఆ పొద్దు గాలి దుమారం లేచింది. కళ్ల నిండా మట్టి పడి, లోయలోకి తొంగి కూడా చూడకుండా ప్రొఫెసర్ శివజ్యోతి తొమ్మిదిన్నరకే తిరిగొచ్చారు. అసలే చిరాకుగా ఉన్నారు. వరండాలో బెంచీ మీద అత్తరు వాసనతో ఒకరు, ఆవేశంతో ఒకరు కనిపించారు.

"మీరెవరండీ?" అని అడిగారు.

"మాంసం పరీక్షకు వచ్చినామమ్మా" అన్నాడు మదార్ సాహెబ్, లేచి నిలబడి, గౌరవంగా. "ఈ కెమెరా పరీక్షలో ఆరేండ్ల నుంచి నెగ్గుతాండేది మనమే."

"ఈసారి మేం గూడా ఉండాము" అని ముస్తాక్ ఫొటో చూపించాడు.

ఆమె ఫొటో చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే అడిగారు.

"ఉమామహేశ్ గారూ, ప్రభుత్వం మీకీ పెట్టె ఇచ్చింది మటన్ కొట్లకు సర్టిఫికెట్లు ఇచ్చుకోడానికా?"

ఉమామహేశ్ సొరుగు తెరిచి ఉత్తరం ఆమె ముందు పెట్టాడు. ఆయన దగ్గర ఉన్న సమాధానం అదొక్కటే.

"మేడం, అది మా నాన్న పొరపాటు. ఒక్కసారి పరీక్ష చూసి ఏమైనా రాయండి" అంది కౌసర్. ఆరేళ్లకు ఆఖరున తను దేనికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

శివజ్యోతి చేతిగడియారం చూసుకున్నారు. "కానివ్వండి."

మదార్ సాహెబ్ డబ్బాలోని దిమ్మను బయటికి తీసి స్కేలు పెట్టింది కౌసర్. మూడు. ఏడో రకం ఎంజైములో మందు కలిపి, మూత బిగించి, గొట్టాన్ని దిమ్మ కింద పెట్టింది. పెట్టె తలుపు మూసింది. పది నిమిషాలు కెమెరా లోపల చీకటిని చూస్తూ కూర్చుంది, వీళ్లు తెరను చూస్తూ కూర్చున్నారు.

తెర మీద ఏమీ రాలేదు. ఎప్పుడూ వచ్చే మసక చుక్క కూడా రాలేదు. నల్లగా, తుడిచిన పలకలా ఉంది.

కౌసర్ గొట్టాన్ని బయటికి తీసి చూసింది. అది ఎర్రగా వెలుగుతూనే ఉంది. మళ్లీ పెట్టింది. మళ్లీ నలుపే.

"పెట్టె పాడయిందేమో" అన్నాడు ఉమామహేశ్, అదొక ఓదార్పులాగా.

"పాడయిందో లేదో ఇంకో దిమ్మతో చూస్తే తెలిసిపోతుంది. ఇంకోటి ఉందా?" అన్నారు శివజ్యోతి, పెన్ను మూత తీస్తూ.

ఉంది. ఫ్రిజ్జిలో ముస్తాక్ డబ్బా. కౌసర్ చేతులు దాని దగ్గరికి వెళ్లడానికి మొరాయించాయి. బయట బెంచీ మీద నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన ఉండగా ఎదురంగడి మాంసం తీయడం ఆమెకు దొంగతనంలా తోచింది. అయినా తీసింది. కొలిచింది. అదీ మూడే.

ఒక్క నిమిషానికే తెర మీద ఎర్రటి ముద్ద లేచింది. పది నిమిషాలయ్యేసరికి వెలుగును లెక్కపెట్టే అంకె లక్ష దాటింది. ఆరేళ్లలో కౌసర్ అంత వెలుగు చూడలేదు.

తలుపు సందులోంచి తొంగి చూస్తున్న ముస్తాక్ కేక పెట్టాడు. "ఎలిగె! మనది ఎలిగె!" అప్పటికప్పుడే వేంపల్లెకు ఫోను కలిపాడు. "రేయ్, మామ మాంసం నల్లగా పోయెరా. మనది యెర్రగా ఎలిగె. కెమెరా సాక్షి!"

లోపల శివజ్యోతి ముఖం మరింత బిగుసుకుంది. "అదే ఎంజైము, అదే మందం. ఒకదాంట్లో సున్నా, ఒకదాంట్లో ఇంత. కౌసర్, ఈ రెండో డబ్బాలో ఏం కలిపారు?"

"నేను ఏం కలపలేదు మేడం. అది మాది కూడా కాదు."

"మరి ఎవరిది? బయట కూర్చున్న ఆయనదా? పరీక్ష రోజునే సరిగ్గా ఇంకో డబ్బా ఎలా వచ్చింది?"

వెలుగు రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారనే ఇన్నాళ్లూ కౌసర్ భయపడింది. వెలుగు వచ్చినందుకు మోసగత్తె అనిపించుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు. ఉమామహేశ్ ఉత్తరంలో ‘ఫలితాలు రానందున’ అన్నచోట వేలు పెట్టి, దీన్ని ఇప్పుడు ఎలా దిద్దాలా అని దిగులుగా చూస్తున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని మదార్ సాహెబ్ లోపలికి వచ్చాడు. ముస్తాక్ ఫోన్లో అన్న మాటలు ఆయన చెవిన పడ్డాయి.

"ఏమమ్మా, నా మాంసం నల్లగా పోయెనంట? నిన్న పొద్దున కోసిన పొట్టేలమ్మా అది! నలభై ఏండ్ల అంగడి నాది. ఒగరి చేత తక్కువన్న మాట పడలేదు. ఏం తక్కువాయె దాంట్లో?"

"నాయనా, నువ్వు బయట కూర్చో" అంది కౌసర్.

"కూర్చోను. ఈ మేడంనే అడుగుతాండా. తక్కువ కాదమ్మా, నేను ఎక్కువే ఏసినా!"

శివజ్యోతి పెన్ను ఆగింది. "ఏం ఎక్కువ వేశారు?"

"ఏం ఏస్తారు ఎవురైనా? కొసరు."

రాయలసీమలో మటన్ కొనేవాళ్లు తూకం అయ్యాక కత్తి వైపు చూసి "రోంత కార్జం ఎయ్యప్పా" అని రవ్వంత కాలేయం ముక్క అడుగుతారు. అడక్కముందే వేసే అంగడికి పేరు. మదార్ సాహెబ్ అంగడికి ఆ పేరు ఉంది. కౌసర్ అది తింటూనే పెరిగింది. పెరిగి సైన్సు చదివి మర్చిపోయింది.

ఆమె కత్తి తెచ్చి దిమ్మను నిలువునా కోసింది. పైనా కిందా చుట్టూ పలచటి పొరగా ఎర్రటి మాంసం, నడుమ రెండు వేళ్ల మందాన నల్లగా కార్జం.

"నాయనా, ఇదెప్పటినుంచి పెడుతున్నావు?"

"మొదటి డబ్బా నుంచీ ఏస్తాండా. ఎప్పుడూ ఒగ వేలు మందం. ఈ పొద్దు పరీక్ష అంటివని రెండు వేళ్లు ఏసినా." ఆయన గొంతు తగ్గింది. "నువ్వు చిన్నగున్నెప్పుడు డాక్టరమ్మ చెప్పింది గదమ్మా, పాపకు రత్తం తక్కువ, కార్జం పెట్టమని. ఇంట్లో ఉన్నెన్నాళ్లు పెడితిమి. ఈడికొస్తివి. వేళకు తినవు. పరీక్ష అయినంక ఎట్లా వండుకుంటారు గదా, నా బిడ్డ కడుపులోకి రోంతన్నా పోతాదని."

కౌసర్ ముఖం తిప్పుకుంది. ఆరేళ్లుగా ఒక్క దిమ్మను కూడా కోసి చూడలేదు. చూసి ఉంటే ఆరేళ్లు మిగిలేవి. ఆమెకు నాన్న మీద కోపం రాలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

"అన్ని దిమ్మల్లోనూ ఉందని మనకెలా తెలుస్తుంది? అవన్నీ పూడ్చేశారు కదా" అన్నారు శివజ్యోతి.

"అన్నిట్లోనూ ఉండె మేడం" అన్నాడు పెద్ద ఈరన్న, మూల నుంచి.

"నీకెలా తెలుసు?"

పెద్ద ఈరన్న నేల చూశాడు. గోడ చూశాడు. ఆఖరికి చేతులు కట్టుకున్నాడు. "అంత మంచి కార్జం సున్నంలో ఎట్ల పూడ్చేది మేడం? మా ఇంటామె గిడ్డమ్మ ఎర్రకారం ఏసి చేస్తాది. మాది పత్తికొండ పక్క పల్లె, మాకు కార్జమంటే పానం." ఏదో గుర్తొచ్చి ఆయన ముఖం పాలిపోయింది. "మేడం, దీని కింద పెట్టే ఆ మందు... గిడ్డమ్మ కడుపు చీకట్లో ఎలుగుతాదా?"

"గొట్టానికి మూత ఉంటుంది. ఏమీ కాదు" అన్నారు శివజ్యోతి. ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది, అది నవ్వో కాదో ఎవరికీ అర్థం కాలేదు. "కౌసర్, పాత ఫలితాలన్నీ తీయండి. ఈ కోసిన దిమ్మను మళ్లీ కలిపి పెట్టెలో పెట్టండి. పది నిమిషాలు కాదు, అరగంట చూడనివ్వండి."

ఆ అరగంట ఆమె కాగితాలు తిరగేస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి, ఎవరితోనూ కానట్టుగా మాట్లాడారు. "రక్తం ఎక్కడ ఎక్కువో వెలుగు అక్కడ చస్తుంది. కాలేయమంటే రక్తపు మూట. మా హైదరాబాదులో వేలు మందం కాలేయం దాటించలేక రెండు ప్రాజెక్టులు వదిలేశాం. ఈ అమ్మాయి మొదటి రకం నుంచీ దాటిస్తోంది. దాటిస్తూ, ఓడిపోయానని రాసుకుంటోంది."

ఇరవై అయిదో నిమిషంలో తెర నడిమధ్య ఒక చుక్క వచ్చింది. మసకదే, ఎర్రటిదే. రెండు వేళ్ల కార్జం దాటి వచ్చింది. కౌసర్ దాన్ని చూస్తూ నిలబడి ఏడ్చేసింది. మదార్ సాహెబ్‌కు ఆ చుక్క ఏమిటో తెలియదు గానీ, కూతురు ఏడ్చింది కాబట్టి ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ప్రాజెక్టు మూడేళ్లు పొడిగించమని రాశారు శివజ్యోతి. ఒక్కటే షరతు: ఇకపై ప్రతి దిమ్మలోనూ సరిగ్గా ఒకటిన్నర సెంటీమీటర్ల కార్జం కొలిచి పెట్టాలి. ఉమామహేశ్ అందరికంటే ఆలస్యంగా సంతోషించాడు. ముగింపు ఉత్తరాన్ని మాత్రం చింపలేదు, మూడేళ్ల తర్వాత తేదీ ఒక్కటి మారిస్తే చాలని మళ్లీ సొరుగులో పెట్టుకున్నాడు.

సాయంత్రం బస్టాండులో తండ్రీకూతుళ్లు నిలబడ్డారు. అప్పటికే వేంపల్లె అంతా తెలిసిపోయింది. మదార్ సాహెబ్ మాంసం పరీక్షలో పోయింది, ముస్తాక్ మాంసం వెలిగింది. ఎందుకు వెలిగిందో, ఎందుకు పోయిందో వినే తీరిక బజారుకు లేదు. కౌసర్ తనే వచ్చి అందరికీ చెప్తానంది.

"ఏమని చెప్తావమ్మా? నాకే సరింగ అర్థం కాలేదు" అన్నాడు మదార్ సాహెబ్. "పోనీలే. ఇంట్లో ఒగరన్నా పాసైతిమి గదా."

"నాయనా, వచ్చే సోమవారం నుంచి కార్జం ఒకటిన్నర సెంటీమీటరు. స్కేలు పెట్టి కొయ్యి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

బస్సు కదిలాక కిటికీలోంచి అన్నాడు. "అట్లనేలేమ్మా."

సోమవారం డబ్బా వచ్చింది. కౌసర్ దిమ్మను కోసి కొలిచింది. కార్జం సరిగ్గా ఒకటిన్నర, వెంట్రుకవాసి తేడా లేదు. డబ్బా అడుగున, మూత కింద, ఐసు ముక్కల నడుమ వెతికింది. ఇంకేమీ లేదు. పరీక్ష బ్రహ్మాండంగా వచ్చింది. అయినా ఆమెకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండి ఫోను చేసింది.

"కొసరు మర్చిపోయినావా నాయనా?"

"కొలిచినంక అది కొసరెట్ల అవుతాదమ్మా?" అన్నాడు మదార్ సాహెబ్. వెనక అంగట్లో గిరాకీ చప్పుడేమీ వినిపించలేదు. "నీకు కొసరు కావాలంటే ఇంటికి రా. వచ్చి ఎన్నాళ్లాయె?"

ఎన్నాళ్లయిందో లెక్క చూసుకుంటే కౌసర్‌కే తల దించుకోవాలనిపించింది.

ఆ ఆదివారం ఆమె వేంపల్లె బస్సు ఎక్కి కూర్చుంటే, పెద్ద ఈరన్న పరుగున వచ్చి కిటికీలోంచి ఒక టిఫిను డబ్బా చేతికిచ్చి, "గిడ్డమ్మ ఇమ్మనె" అన్నాడు. లోపల ఏమీ లేదు.